కొత్త కంప్యూటర్‌లో రెండు ర్యామ్ స్లాట్లు పనిచేయడం లేదు: లోపం ర్యాముదా, బోర్డుదా?

రంగులపేజీ (గుంటూరు)

అందరికీ నమస్కారం. బ్రాడీపేటలో ఇంటి దగ్గరే పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. ఫొటోగ్రాఫర్లు ఫొటోలు పంపిస్తారు, నేను కరిజ్మా పేజీలు పేర్చి ల్యాబుకు పంపుతాను. పాత కంప్యూటర్‌లో 16 జీబీ ర్యామే ఉండేది. పెద్ద పేజీ ఒకటి తెరిస్తే చాలు, ఆపసోపాలు పడేది. ముహూర్తాలు మొదలయ్యేలోపు కొత్తది కట్టించుకుందామని విడిభాగాలు కొన్నాను.

వివరాలు ఇవీ: రైజెన్ 7 7700 ప్రాసెసర్, బి650 చిప్‌సెట్‌తో నాలుగు స్లాట్ల మదర్‌బోర్డు, డీడీఆర్5 రకంలో 6000 వేగం ఉన్న ర్యామ్ 32 జీబీవి రెండు, ప్రాసెసర్‌ను చల్లబరిచే రెండు ఫ్యాన్ల టవర్ కూలర్, ఒక గ్రాఫిక్స్ కార్డు. ర్యామ్ ఒక్కటే ఆన్‌లైన్‌లో కొన్నాను. మిగతావన్నీ విజయవాడలో ఒక దుకాణంలో కొని, అక్కడే కట్టించాను. నా ఎదుటే ఆన్ చేశారు. తెర మీద 64 జీబీ అని కళ్లారా చూశాను.

గుంటూరు తెచ్చి ఇంట్లో పెట్టాక ఆన్ చేస్తే ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగానే ఉంటోంది. బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్నచోట చిన్న దీపం వెలిగి అలాగే ఉండిపోతోంది. దుకాణానికి ఫోన్ చేస్తే ర్యామ్ తీసి మళ్లీ పెట్టమన్నారు. పెట్టాను, ఫలితం లేదు. రెండింటిలో ఒకటి తీసేస్తే ఒక్కోసారి తెరుచుకుంటోంది, అప్పుడు 32 జీబీ చూపిస్తోంది. మళ్లీ ఫోన్ చేస్తే, "ర్యామ్ మా దగ్గర కొనలేదు కదండీ, లోపం దానిదే" అని తేల్చేశారు. కాదంటే పెట్టె మొత్తం తెచ్చి వదిలి వెళ్లాలట, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేరట.

ర్యామ్ వెనక్కి పంపే గడువు దగ్గరపడింది. లోపం నిజంగా ర్యాముదే అయితే వెంటనే పంపేస్తాను. బోర్డుదైతే దాన్ని పంపి లాభం లేదు, పైగా ఉన్నది కూడా చేతిలో లేకుండా పోతుంది. ఇది ఎలా తేల్చుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

కృష్ణలంక కుర్రాడు

అక్కా, కంగారు పడవద్దు. ఇది చాలా మామూలు సమస్య. ర్యామ్ బయటికి తీసి, అడుగున బంగారు రంగులో ఉండే కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రెండువైపులా రుద్ది పెట్టండి. మా హాస్టల్లో ఏ కంప్యూటర్ మొరాయించినా ముందు అదే చేసేవాళ్లం. పదింటిలో తొమ్మిది లేచి కూర్చునేవి.

పట్నంబజారు

గడువు ఉండగానే ర్యామ్ పంపేయండి. ఆలోచించడానికి ఏముంది? వాళ్లు కొత్తది పంపుతారు. దాంతోనూ ఇదే వస్తే అప్పుడు బోర్డు సంగతి చూసుకోవచ్చు. దుకాణానికి మాత్రం పెట్టె వదిలి రావద్దు. నేను ఒకసారి బోర్డు ఒకచోట వదిలి వచ్చాను. వారంటీ కింద పంపామన్నారు. చివరికి "సాకెట్‌లో (ప్రాసెసర్ కూర్చునే గూడులో) పిన్ను వంగి ఉంది, ఇది వాడినవారి వల్ల జరిగింది, వారంటీ వర్తించదు" అన్న చీటీతో తిరిగి వచ్చింది. వాళ్ల చేతికి ఇచ్చేటప్పుడు పిన్ను బాగుందో వంగిందో చూపించడానికి నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు.

సోల్డరు పొగ (విజయవాడ)

అమ్మా, ర్యాము అప్పుడే వెనక్కి పంపకండి. రబ్బరును కూడా పెన్సిళ్ల డబ్బాలోనే ఉండనివ్వండి.

రబ్బరు సంగతి ముందు చెప్పాలి. ఆ వైద్యాన్ని ఊరంతటికీ అంటించింది మా తరం సర్వీసువాళ్లమే. ఏళ్ల తరబడి దుమ్ములో, ఉక్కలో పడి ఉన్న పాత కంప్యూటర్‌లో ర్యామ్ కాళ్ల మీద పలచటి పొర పేరుకుంటుంది. మెత్తటి రబ్బరుతో తుడిస్తే పోతుంది, నిజమే. అసలు చాలాసార్లు రబ్బరు చేసిన మేలు కూడా ఏమీ ఉండదు. తీసి మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టడం వల్ల బాగవుతుంది, పేరు రబ్బరుకు వస్తుంది. ఇప్పుడే కవరు చించిన ర్యామ్ మీద తుడవడానికి ఏముంది? ఉన్నదల్లా బంగారు పూత. దాన్ని అరగదీసి, ఆ పొట్టు స్లాటులో రాలితే లేని జబ్బు తెచ్చిపెట్టినట్టు అవుతుంది. కృష్ణలంక తమ్ముడు ఏమీ అనుకోవద్దు.

మీ రాతలో నాకు పనికొచ్చిన ముక్క ఒకటి ఉంది. దుకాణంలో 64 కనిపించింది అన్నారు. అంటే ఆ పూట ర్యాములు రెండూ, స్లాట్లూ, ప్రాసెసరూ అన్నీ బాగానే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో కొన్నంత మాత్రాన ర్యామ్ గుంటూరు చేరేసరికి చెడిపోదు. కాబట్టి పరీక్షించకుండా దేని మీదా నేరం మోపవద్దు.

పరీక్ష ఇలా చేయండి. ముందు ప్లగ్గు తీసేయండి. తీశాక పవర్ మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన విద్యుత్తు పోతుంది. గ్రాఫిక్స్ కార్డు తీసి పక్కన పెట్టండి. మీ 7700 లోనే చిన్న గ్రాఫిక్స్ ఉంది, మానిటర్ తీగను నేరుగా బోర్డుకు పెట్టుకోవచ్చు. అనుమానించాల్సిన వస్తువు ఒకటి తగ్గుతుంది, చెయ్యి పెట్టుకోవడానికి చోటూ దొరుకుతుంది. ర్యామ్ ముట్టుకునే ముందు క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి.

నాలుగు స్లాట్లకు బోర్డు మీదే పేర్లు ముద్రించి ఉంటాయి. ప్రాసెసర్ వైపు నుంచి చూస్తే మీ తరహా బోర్డుల్లో వరసగా ఎ1, ఎ2, బి1, బి2. ఎ రెండూ ఒక చానల్, అంటే ప్రాసెసర్‌కు వెళ్లే ఒక దారి, బి రెండూ మరో చానల్. ర్యాములు రెండే ఉన్నప్పుడు ఎ2, బి2 లోనే పెట్టాలి, అంటే రెండోదీ నాలుగోదీ. తీగ ప్రాసెసర్ నుంచి బయలుదేరి ఎ1 మీదుగా ఎ2 దగ్గర ముగుస్తుంది. ఎ1 లో ర్యామ్ పెట్టి ఎ2 ను ఖాళీగా వదిలేస్తే, మిగిలిన ఆ మొండి తీగ చివర సంకేతం తగిలి వెనక్కి వస్తుంది. డీడీఆర్5 వేగాల దగ్గర అది చికాకు పెడుతుంది.

ర్యాముల మీద చిన్న కాగితపు టేపు అంటించి 1, 2 అని రాసుకోండి. ఇది తప్పనిసరిగా చేయండి. రెండూ ఒకేలా ఉంటాయి, నాలుగుసార్లు మార్చేసరికి ఏది ఏదో ఎవరికీ గుర్తుండదు. మొదట 1ని ఒక్కదాన్నే బి2 లో పెట్టి చూడండి. తర్వాత 2ని అదే బి2 లో. ఆ తర్వాత అదే వరసలో ఎ2 లో, చివర బి1, ఎ1 లో. పెట్టేటప్పుడు ఒక్కవైపే నొక్కవద్దు. ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి పైవైపున మాత్రమే కొక్కెం కదులుతుంది, కిందివైపు కదలదు. పైన టక్కుమని పడగానే అయిపోయిందనుకుంటాం, కిందివైపు ఒక వెంట్రుకవాసి పైకే ఉండిపోతుంది. స్లాటు అంచు మీద బంగారు గీత ఎక్కడైనా కనిపిస్తోందా, కనిపిస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందంలో ఉందా అని టార్చి వేసి చూడండి. ఒకవైపు లావుగా కనిపిస్తే అది ఇంకా దిగలేదు.

ఇక అసలు మాట. మార్చిన ప్రతిసారీ ఆన్ చేసి ఓపిక పట్టండి. డీడీఆర్5 లో ర్యామ్ కొత్తగా పెట్టినా, చోటు మార్చినా బోర్డు ప్రతి తీగ మీదా సంకేతం ఏ క్షణాన చేరుతోందో కొలిచి సరిచూసుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. మీ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం ఏఎమ్5, ఆ బోర్డుల్లో ఇది కొన్ని నిమిషాలు పడుతుంది. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది, ఆ డీర్యామ్ దీపం వెలుగుతూనే ఉంటుంది. పాడైందనుకుని మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటి నుంచి. పొయ్యి మీద పాలు పెట్టినట్టు దగ్గరే నిలబడకండి. ఆన్ చేసి వెళ్లి ఓ పావుగంట వేరే పని చూసుకుని రండి. అప్పటికీ నల్లగా ఉంటే అప్పుడు లెక్కలోకి తీసుకోండి.

లోపం 1తో పాటు అన్ని స్లాట్లకూ తిరిగితే ఆ ర్యామ్ పోయింది, హాయిగా వెనక్కి పంపండి. ఏ ర్యామ్ పెట్టినా ఒక్క స్లాటే మొరాయిస్తే ఆ స్లాటులో దుమ్మో, లోపలి పిన్నో. అలా కాక ఎ1, ఎ2 రెండూ మొరాయించి బి వైపు రెండూ పనిచేస్తే మాత్రం ఇంకేమీ ముట్టుకోకుండా నాకు ఇక్కడ రాయండి. పెట్టెను విజయవాడ నుంచి ఎలా తెచ్చారో కూడా రాయండి.

రంగులపేజీ

అండీ, మీరు చెప్పినట్టే టేపు అంటించి వరసగా చూశాను. బి2 లో 1 పెట్టినా 2 పెట్టినా తెరుచుకుంది. మీరు అన్నట్టు మొదటిసారి చాలాసేపు నల్లగానే ఉంది. ఈ ట్రైనింగ్ సంగతి దుకాణంవారు ఒక్క ముక్క చెప్పలేదు. బి1 లో కూడా రెండూ పనిచేశాయి. ఎ2 లో ఏది పెట్టినా దీపం దగ్గరే ఆగిపోతోంది. ఎ1 లోనూ అంతే.

ఒక వింత కూడా చూశాను. రెండూ ఎ2, బి2 లో పెట్టి వదిలేస్తే ఒకసారి తెరుచుకుంది. బయోస్ పేజీలో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల పేజీలో) రెండు స్లాట్ల ఎదురుగా ర్యామ్ కంపెనీ పేరు, 32 జీబీ అని ఉన్నాయి. కింద మొత్తం మాత్రం 32 జీబీ అనే ఉంది. ఉన్నట్టు చూపించి లెక్కలోకి తీసుకోకపోవడం ఏమిటో అర్థం కాలేదు.

తెచ్చింది బస్సులో. నెహ్రూ బస్టాండులో ఎక్కి, క్యాబినెట్‌ను దాని అట్టపెట్టెలోనే నిలువుగా పెట్టి కాళ్ల దగ్గర పట్టుకుని కూర్చున్నాను. గ్రాఫిక్స్ కార్డు కూడా లోపలే ఉంది.

సోల్డరు పొగ

అయితే మీ ర్యాములు రెండూ బంగారంలా ఉన్నాయి. వాటిని ఎవరికీ పంపకండి.

రెండు ర్యాములూ బి వైపు పనిచేశాయి కాబట్టి ర్యాములు నిర్దోషులు. ఎ1, ఎ2 స్లాట్లు రెండూ ఒకేసారి చెడిపోవడం చాలా అరుదు. కాబట్టి లోపం ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉండాలి. అది ప్రాసెసర్ అడుగున ఉంటుంది.

ఒకప్పుడు ర్యామ్‌తో మాట్లాడే భాగం బోర్డు మీద విడి చిప్పులో ఉండేది. ఏఎమ్‌డీ 2003లో అథ్లాన్ 64తో దాన్ని ప్రాసెసర్‌లోకి తెచ్చింది, ఇంటెల్ 2008లో తెచ్చింది. అప్పటి నుంచి ర్యామ్ తీగలన్నీ నేరుగా ప్రాసెసర్ కిందికే వెళతాయి. మీ ఏఎమ్5 సాకెట్‌లో సన్నని స్ప్రింగుల్లాంటి పిన్నులు 1718 ఉంటాయి. వాటి మీద ప్రాసెసర్ ఊరికే ఆనుకుని ఉంటుంది, ఏదీ అతికించి ఉండదు. ఆ 1718లో ఎ చానల్‌కు చెందినది ఒక్కటి సరిగ్గా తగలకపోయినా ఆ చానల్ మొత్తం పోతుంది. పైకి చూస్తే ర్యామ్ చచ్చిపోయినట్టే ఉంటుంది.

బయోస్‌లో పేరు కనిపించి లెక్కకు రాకపోవడానికీ కారణం ఉంది. ప్రతి ర్యామ్ మీదా దాని పేరు, సైజు, వేగం రాసి ఉన్న బుల్లి చిప్పు ఒకటి ఉంటుంది. బోర్డు దాన్ని వేరే తీగల మీదుగా చదువుతుంది. అసలు సమాచారం నడిచే తీగలు వేరు. పేరు చదివే దారి బాగుంది, సరుకు నడిచే దారి తెగింది. మీరు దాన్ని గమనించి రాయడం మంచిదైంది, నాకు సగం పని తప్పింది.

ఇప్పుడు బస్సు. రెండు ఫ్యాన్ల టవర్ కూలర్లు కొన్ని కిలో దాకా తూగుతాయి. క్యాబినెట్ నిలువుగా ఉంటే బోర్డు గోడలా నిలబడుతుంది, కూలర్ ఆ గోడ నుంచి అడ్డంగా బయటికి వేలాడుతుంది. మన దారిలో స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా ఆ కిలో బరువు కిందికి గుంజుతుంది. కట్టేటప్పుడే ఒక స్క్రూ పూర్తిగా బిగిసి రెండోది వదులుగా ఉంటే ఇక చెప్పేదేముంది, కూలర్ ఒక పక్కకు ఒరిగి ప్రాసెసర్‌ను ఒక అంచున ఎక్కువ, రెండో అంచున తక్కువ నొక్కుతుంది. తక్కువ నొక్కుడు పడినచోట పిన్ను తగిలీ తగలనట్టు ఉంటుంది. దుకాణంలో బల్ల మీద పడుకోబెట్టి కట్టి, పడుకోబెట్టే ఆన్ చేసి ఉంటారు. అందుకే అక్కడ 64 కనిపించి ఉండవచ్చు.

ఇది ఊహే. ఊహను పరీక్షించడానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ప్లగ్గు తీసి, క్యాబినెట్‌ను నెమ్మదిగా పక్కకు పడుకోబెట్టండి. తెరిచిన పక్క పైకి రావాలి, బోర్డు నేలలా పరుచుకుని ఉండాలి, కూలర్ దాని మీద నిటారుగా నిలబడాలి. ఎ2, బి2 లో ర్యాములు పెట్టి, ఆ పడుకున్న స్థితిలోనే ఆన్ చేసి వదిలేయండి. ఎ వైపు లేస్తే దొంగ దొరికినట్టే.

లేవకపోతే కూలర్ తీసి, ప్రాసెసర్ ఎత్తి సాకెట్ చూడాలి. అది ఇంట్లో చేయవద్దని అనను, చేస్తే మాత్రం పగటి వెలుతురులో చేయండి. తీసే ముందు కాసేపు నడిపిస్తే ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని అందించే పేస్టు మెత్తబడుతుంది. ఆపి, ప్లగ్గు తీసి, కూలర్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పి లేపాలి. పాత ఏఎమ్4 సాకెట్‌లో కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేది. దీనిలో పైన ఇనుప చట్రం పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు. సాకెట్‌లో వేలు పెట్టవద్దు, గుడ్డతో తుడవవద్దు, ఊదనూ వద్దు. ఫోన్ టార్చిని ఒక పక్క నుంచి వాలుగా వేసి చూడండి. బాగున్న పిన్నులన్నీ వరసగా ఒకే తీరున తళుక్కుమంటాయి. వంగినది ఒక్కటీ వరసలో నల్లటి చుక్కలా ఉంటుంది, లేదా పక్కదానికంటే వేరే కోణంలో మెరుస్తుంది. టార్చిని నాలుగు పక్కల నుంచీ తిప్పి చూస్తే తప్ప కనిపించదు.

తెనాలి నుంచి ఒకాయన ఇలాంటి పెట్టే తెచ్చాడు. ఊళ్లో ర్యాములు మార్చీ మార్చీ విసిగిపోయి, బోర్డు కూడా మార్చేయమని వచ్చాడు. భూతద్దం కింద చూస్తే సాకెట్ మూలన ఒక పిన్ను తల పక్కదాని మీద వాలి ఉంది. సూదిమొనతో దాన్ని యథాస్థానానికి నెట్టడానికి పట్టిన సమయం కంటే, వారంటీ పోతుందేమోనన్న ఆయన బెంగ తీర్చడానికే నాకు ఎక్కువ సమయం పట్టింది. అలాంటిది కనిపిస్తే మాత్రం మీరు సూది పట్టుకోకండి. ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.

కృష్ణలంక కుర్రాడు

రబ్బరు మాట వెనక్కి తీసుకున్నాను మాస్టారూ. కానీ ఒక సందేహం. కూలర్ స్క్రూ వదులైతే ప్రాసెసర్ వేడెక్కాలి కదా? ర్యామ్ పోవడం ఏమిటి? పైగా సాకెట్‌కు ఇనుప చట్రం ఉంది, ప్రాసెసర్‌ను అది పట్టుకుంటుంది కదా?

సోల్డరు పొగ

మంచి ప్రశ్న తమ్ముడూ. చట్రం పట్టుకునే మాట నిజమే, ఎక్కువ నొక్కుడు దానిదే. కానీ ప్రాసెసర్ బల్లపరుపుగా కూర్చోవడానికి కూలర్ పెట్టే బరువూ కొంత ఉంటుంది. అది ఒక పక్కనే పడితే ఆ పలక వెంట్రుకలో పదో వంతు వాలినా చాలు. విద్యుత్తు ఇచ్చే పిన్నులు, గ్రౌండ్ పిన్నులు వందల కొద్దీ ఉంటాయి, వాటిలో ఒకటి తగలకపోయినా ఏమీ కాదు, మిగతావి మోస్తాయి. ర్యామ్ తీగకు అలా తోడు ఉండదు. ఒక తీగకు ఒక పిన్నే. అందుకే ఒరుగుడు వచ్చినప్పుడు ముందు ర్యామే పోతుంది. వేడెక్కడం కూడా ఉండవచ్చు, అది చూడాలంటే ముందు కంప్యూటర్ తెరుచుకోవాలి కదా.

ఇంకొక మాట. కొందరు స్క్రూలను బలమంతా పెట్టి బిగిస్తారు. అదీ ఇంతే. ఎక్కువ బిగిసినా బోర్డు వంగి చానల్ పోవచ్చు.

రంగులపేజీ

అండీ, పడుకోబెట్టి ఆన్ చేసి వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి తెర మీద 64 జీబీ ఉంది!

నిలబెట్టి మళ్లీ చూద్దామని ఆపి, నిలువుగా పెట్టి ఆన్ చేస్తే మళ్లీ చీకటి. మళ్లీ పడుకోబెడితే మళ్లీ వచ్చింది. మా తమ్ముడు పక్కనే ఉన్నాడు, స్క్రూడ్రైవర్ వాడికి ఇచ్చాను. కూలర్‌కు స్ప్రింగు స్క్రూలు రెండే ఉన్నాయి. పైది గట్టిగా ఉంది. కిందిది వేలితో తిప్పితేనే తిరిగింది. మధ్యలో ఉన్న ఫ్యాన్ తీస్తే తప్ప స్క్రూడ్రైవర్ దాని దాకా దిగదు. బహుశా దుకాణంలో ఆ ఫ్యాన్ తీయడానికి బద్ధకించి ఉంటారు. రెండూ కొద్దిగా వదులు చేసి, ఇటు అర తిప్పు, అటు అర తిప్పు చొప్పున ఆగేదాకా బిగించాడు. ఇప్పుడు నిలబెట్టినా 64 చూపిస్తోంది. టాస్క్ మేనేజరులో నాలుగింటిలో రెండు స్లాట్లు వాడుతున్నట్టు ఉంది.

దుకాణానికి ఫోన్ చేసి చెప్పాను. "చూశారా, బోర్డు మంచిదే" అన్నారు!

ఇక మూడు సందేహాలు. కూలర్ మళ్లీ తీసి కొత్త పేస్టు వేయాలా? ర్యామ్ 6000ది అని కొన్నాను, ఇక్కడ 4800 చూపిస్తోంది, ఎందుకు? పని ఎక్కువగా ఉన్నప్పుడు ఇలాంటివే ఇంకో రెండు కొని 128 చేసుకుందామనుకుంటున్నాను, స్లాట్లు రెండు ఖాళీగానే ఉన్నాయి కదా. కొనవచ్చా?

పట్నంబజారు

సంతోషం అండీ. నా సలహా విని ర్యామ్ పంపనందుకు ఇంకా సంతోషం. పనిలో పనిగా దుకాణంవారికి ఆ స్క్రూ సంగతి వాట్సాప్‌లో రాసి పెట్టండి. రేపు సాకెట్ విషయంలో ఏదైనా తేడా వస్తే, తేదీతో సహా మీ దగ్గర రాత ఉంటుంది.

సోల్డరు పొగ

మీ తమ్ముడికి నా తరఫున ఒక మంచి కాఫీ ఇప్పించండి. అర తిప్పు చొప్పున బిగించాలని ఎవరూ చెప్పకుండానే తెలిసిందంటే చేతిలో పని ఉన్నట్టే.

పేస్టు: తీసే ముందు వేడి చూడండి. కూలర్ కదిలినప్పుడు మధ్యలో పేస్టు అతుకు తెగి గాలి దూరి ఉండవచ్చు. వేడి చూపించే ఉచిత ప్రోగ్రాం ఏదైనా పెట్టుకుని, మీరు ఒక ఆల్బమ్ మొత్తం ఎగుమతి చేస్తున్నప్పుడు చూడండి. మీ ప్రాసెసర్‌కు కంపెనీ పెట్టిన గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు. కానీ 65 వాట్ల రకం కాబట్టి, అంత పెద్ద టవర్ కూలర్ ఉండి కూడా 90ల్లోకి వెళితే తీసి కొత్త పేస్టు వేయాల్సిందే. గుంటూరు ఎండలకు గదిలోనే 40 ఉంటుంది కాబట్టి మేలో ఇంకోసారి చూసుకోండి. తీసిన రోజున ఎలాగూ సాకెట్ ఫొటో తీసి దాచుకోండి, పట్నంబజారు గారు పడ్డ తిప్పలు మీకు ఉండవు.

4800: అది తప్పు కాదు. ఎవరూ ఏమీ చెప్పకపోతే ర్యామ్ 1.1 వోల్టుల దగ్గర మామూలు వేగంతోనే నడుస్తుంది. పెట్టె మీద రాసిన 6000 రావాలంటే బయోస్‌లో ఎక్స్‌పో అనే ర్యామ్ వేగం అమరికను ఎంచుకోవాలి. వోల్టేజీ 1.35 దగ్గరికో, ఆ పైకో వెళుతుంది. మీ 7700కు ఏఎమ్‌డీ హామీ ఇచ్చేది 5200 వరకే, 6000 అన్నది పై ఎత్తు. చాలామందికి ఇబ్బంది లేకుండానే నడుస్తుంది, మీకూ నడవవచ్చు. కానీ ఈ పెట్టె ఇప్పుడే జబ్బు నుంచి లేచింది. ముందు 4800 లోనే మెమ్‌టెస్ట్86 అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచి కంప్యూటర్‌ను తెరిచి రాత్రంతా నడవనివ్వండి. 64 జీబీ కాబట్టి గంటలు పడుతుంది. యూపీఎస్ లేకపోతే కరెంటు పోని రాత్రి చూసుకోండి. ఒక్క తప్పు కూడా రాకూడదు. రెండు మూడు తప్పులేగా అని వదిలేయవద్దు. మీ పనిలో ఆ తప్పు పెళ్లికూతురి ముఖం మీద చారగా కనిపించవచ్చు, లేదా సేవ్ చేసిన ఫైలు మళ్లీ తెరుచుకోకపోవచ్చు. అక్కడ నెగ్గితే ఎక్స్‌పో పెట్టి మళ్లీ అదే పరీక్ష. 6000 దగ్గర తప్పులు వస్తే 5600 చేసి చూడండి. మీ పనిలో ఆ తేడా కంటికి కనిపించదు.

నాలుగు ర్యాములు: కొనవద్దు. ఖాళీ స్లాట్లు ఉన్నాయి కదా అని అందరికీ చెయ్యి దురద పెడుతుంది. ఒక చానల్ మీద రెండేసి ర్యాములు పెడితే ప్రాసెసర్ మీద బరువు పెరుగుతుంది. మీ 7700కు నాలుగు పెట్టినప్పుడు ఏఎమ్‌డీ హామీ 5200 నుంచి 3600కు పడిపోతుంది. అంతకంటే ఎక్కువ కొందరికి నడుస్తుంది, కొందరికి అసలు తెరుచుకోదు. ట్రైనింగ్ కూడా ఇంకా సాగుతుంది. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు నెలల్లో కొన్న రెండు జతల్లో లోపలి చిప్పులు వేరు కావచ్చు, ఆ తలనొప్పి అదనం. నిజంగా 64 చాలకపోతే, ఈ జత అమ్మేసి 48 జీబీవి రెండు ఉన్న జత కొనండి, 96 అవుతుంది, స్లాట్లు రెండే పడతాయి. అవి కొనే ముందు బోర్డు బయోస్ కొత్తది వేయించాలి, మొదట్లో వచ్చిన బయోస్‌లకు 48 జీబీవి తెలియవు.

అసలు చాలదో లేదో ముందు చూడండి. పెద్ద ఆల్బమ్ తెరిచి పని చేస్తుండగా టాస్క్ మేనేజరులో మెమరీ పేజీ తెరిచి ఉంచండి. వాడకం 50 జీబీ దాటకపోతే డబ్బు ర్యామ్ మీద పెట్టకండి, ఫొటోషాప్ తాత్కాలికంగా రాసుకునే చోటుకు విడిగా ఒక ఎన్‌విఎమ్‌ఇ డిస్కు (వేగమైన ఎస్‌ఎస్‌డీ) కొనుక్కోండి.

రంగులపేజీ

మెమ్‌టెస్ట్ ఈ రాత్రికే పెడతాను. ఒక్క చిన్న సంగతి అండీ: పేస్టు వేయించాల్సి వస్తే పెట్టెను మీ దగ్గరికి తేవచ్చా? తెస్తే ఈసారి ఎలా తేవాలి?

సోల్డరు పొగ

ఒక్క పేస్టు కోసం వారధి దాటి రావడం ఎందుకమ్మా, మీ తమ్ముడు చేయగలడు. బియ్యపుగింజ కంటే కాస్త పెద్ద చుక్క మధ్యలో పెట్టి, కూలర్ నిటారుగా దించి, ఇందాకటిలాగే బిగించమనండి. తప్పనిసరై తెస్తే గ్రాఫిక్స్ కార్డు తీసి దాని పెట్టెలో విడిగా తెండి. క్యాబినెట్‌ను కారు వెనక సీటు మీద బోర్డు నేలలా ఉండేట్టు పడుకోబెట్టండి, అద్దం ఉన్న పక్క పైకి రావాలి. కింద ఒక దుప్పటి వేయండి. డిక్కీలో మాత్రం వద్దు.